ఆ కాలపు చేతిరాత

పెడన,
మే 6, 2024

అత్తయ్యకి దుర్గ నమస్కారాలు.

"ఇక్కడ మేమంతా క్షేమం" అని మొదలుపెట్టమని అమ్మ పక్కన కూర్చుని చెబుతోంది. అమ్మ క్షేమం, నాన్న క్షేమం. నేనే క్షేమంగా లేను.

మీకు ఫోన్ చేస్తే చెవిమిషను కూస్తోందని పెట్టేశారు. వాట్సాప్ పెడితే వారమైనా చూడలేదు. చివరికి "ఏం కావాలో రాసి పంపమను, చదువుకుంటాను" అన్నారని అమ్మ చెప్పింది. అందుకని బియ్యెస్సీ పరీక్షల తర్వాత మొదటిసారి పెన్ను పట్టుకున్నాను. దస్తూరి బాగోలేకపోతే మన్నించండి. ముప్ఫై అయిదేళ్ళు హైదరాబాదు ల్యాబులో కూర్చుని దొంగ సంతకాలు పట్టుకున్న మనిషికి ఉత్తరం రాయాలంటే చెయ్యి బిగుసుకుపోతోంది.

నాకు ఫోరెన్సిక్ సైన్సులో ఎమ్మెస్సీ చెయ్యాలని ఉంది. ఈ మాట ఇంట్లో అన్నప్పటినుంచి మనశ్శాంతి లేదు. ఎదురింటి అమలమ్మగారు "శవాలు కోసే చదువటగా" అని వీధంతా చెప్పింది. కాదండీ, కెమిస్ట్రీ అండీ అంటే వినదు. విజయవాడ కాలేజీలో మా సార్ "ముందు మామూలు కెమిస్ట్రీ చెయ్యమ్మా" అంటారు. బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్లో మా సీనియర్ "కెమిస్ట్రీ చేస్తే మందుల కంపెనీలో మగ్గిపోతావే" అంటుంది. నెట్‌లో చూస్తే ప్రతి కాలేజీ ఫొటోలోనూ తెల్లకోటు వేసుకున్న అమ్మాయి గాజుగొట్టం పట్టుకుని నవ్వుతోంది. అంత నవ్వొచ్చే చదువేమిటో నాకు అర్థం కాలేదు.

నాన్నని అడిగితే ఒకటే మాట. "మీ అత్త సరే అంటే సరే." కాబట్టి సరే అనండి. ఏ చదువో, ఎక్కడో కూడా చెప్పండి. గుజరాత్‌లో ఉన్న పెద్ద విశ్వవిద్యాలయానికి ఎంట్రన్స్ రాస్తున్నాను.

మీ మేనకోడలు
నాగదుర్గ


ఇబ్రహీంపట్నం,
మే 14

దుర్గకి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేతిరాత చూసి గుణం చెప్పడం జోస్యగాళ్ళ పని, మా పని కాదు. కానీ పెన్ను ఎక్కడ నొక్కావో చెప్పగలను. అమలమ్మ పేరు దగ్గర కాగితం అవతలివైపుకి ఉబ్బింది. ఆవిడ మీద నీకున్నది మామూలు కోపం కాదు.

ఇక చదువు. ఫోరెన్సిక్ అని బోర్డు పెట్టిన ప్రతిచోటా ఫోరెన్సిక్ ఉండదు. ప్రభుత్వ ల్యాబుల్లో ఉద్యోగాలు పడ్డప్పుడు ఆ ప్రకటనలు తీసి చూడు. చాలావాటిలో అడిగేది కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ. నేనూ కెమిస్ట్రీ చదివే వెళ్ళాను, కాగితాల పని అక్కడే నేర్చుకున్నాను. అందుకని నా మాట అడిగితే కెమిస్ట్రీ చెయ్యి. కాదు, ఫోరెన్సిక్కే అంటావా, చేరబోయే కాలేజీకి వెళ్ళి మూడు అడుగు. మైక్రోస్కోపుని పిల్లల చేతికిస్తారా, అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తారా? పాఠం చెప్పేవాళ్ళు ఎప్పుడైనా కోర్టు బోనెక్కి లాయరుతో తిట్లు తిన్నారా? పోయినేడు బయటికెళ్ళిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? మూడింటికీ నీళ్ళు నమిలితే తిరిగి వచ్చెయ్యి.

ఇక "సరే" అనడం గురించి. నేను అనను. మీ నాన్న తన చేత్తో "నాకు ఇష్టమే" అని రాసి పంపితే అప్పుడంటాను. ఒకప్పుడు ఆ ఇంట్లోంచి నేను ఎవరి ఇష్టమూ లేకుండా బయటికొచ్చాను. మళ్ళీ "ఆడపిల్లని అత్తే పాడుచేసింది" అనిపించుకునే ఓపిక నాకు లేదు. ఫోన్‌లో చెబితే కుదరదు. కాగితం మీద, వాడి దస్తూరితో. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే, చూడగానే తెలుస్తుంది.

మాణిక్యమ్మ


పెడన,
జూన్ 15

అత్తయ్యకి,

మొదట శుభవార్త. గుజరాత్‌లో సీటొచ్చింది. జులై 8 లోపల తండ్రి సంతకంతో అంగీకార పత్రం పంపాలి. ఆ రోజు దాటితే సీటు వెనకవాళ్ళకి వెళ్ళిపోతుంది.

మీరు చెప్పారని గుంటూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీకి కూడా వెళ్ళాను. ల్యాబు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోడానికి గంట పట్టింది. తెరిస్తే ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం ఉంది, దాని మెడలో కాలేజీ ఐడీ కార్డు. కోర్టు బోను సంగతి అడిగితే "మేడమ్, మాది అకడమిక్ సైడ్ అండీ" అన్నాడు అక్కడి లెక్చరరు. పోయినేటి పిల్లల్లో ఒకమ్మాయి అక్కడే రిసెప్షన్‌లో కూర్చుని ఉంది. తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు అసలు బాధ. నాన్న రాయడం లేదు. వద్దు అనడు, రాయడు. కాగితం పెడితే "కళ్ళజోడేదీ" అంటాడు. కళ్ళజోడు తెస్తే "పోగు తెగింది, చూసొస్తా" అని మగ్గం దగ్గరికి పోతాడు. పోగు అతికాక "ఎండ దిగనీ" అంటాడు. నెల రోజులుగా ఇదే వరస. నిన్న అరిచేశాను. నాలుగు ముక్కలు రాయడానికి ఏమొచ్చింది నాన్నా అని. అమ్మే నా మీద విరుచుకుపడింది, "మీ నాన్నని ఆ రాతతో పీక్కుతినకే" అని.

మీరు ఆయన రాస్తేనే అంటారు. ఆయన మీరంటేనే అంటాడు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఇద్దరూ పెద్దవాళ్ళు, ఇద్దరికీ నా మీద ప్రేమే, నా బతుకు మాత్రం ఒక్క అంగుళం కదలదు. ఫోన్‌లో ఒక్కమాట అనకూడదా అత్తయ్యా? ఈ కాలంలో ఎవరండీ ఇలా?

దుర్గ


పెడన,
జూన్ 24

అత్తయ్యా,

రాశాడు! నేను మచిలీపట్నంలో రెండు రోజులుండి వచ్చేసరికి కవరులో పెట్టి, అంటించి, అమ్మ చేతికిచ్చాడట. "మీ అత్తే తెరవాలి" అన్నాడు. నేను చూడను కూడా లేదు. దీనితోపాటు పంపుతున్నాను. ఇక మీ వంతు. సరే అని ఒక్క ముక్క రాసి పంపండి, నాన్న అంగీకార పత్రం మీద సంతకం పెడతాడు. వెంటనే స్పీడ్ పోస్టులో, అత్తయ్యా.

దుర్గ

(లోపలి కవరులో)

అక్కకి,
దుర్గ చదువు సంగతి. నాకు ఇష్టమే. పంపిస్తాను. నువ్వూ సరే అను.
ఇట్లు
చౌడయ్య


ఇబ్రహీంపట్నం,
జూన్ 28

నాగదుర్గకి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు మనసొప్పడం లేదు. అయినా రాస్తున్నాను.

1994 నుంచి 2003 దాకా మీ నాన్న నాకు రాసిన ఏడు ఉత్తరాలు నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. నువ్వు పంపినదాన్ని వాటి పక్కన పెట్టి చూశాను. మీ నాన్న మాట మొత్తం రాసేసి, తలకట్లన్నీ చివర్లో ఒకేసారి పెడతాడు. చిన్నప్పుడు ఎంత మొట్టినా మానలేదు. దీనిలో అక్షరానికి అక్షరం తలకట్టు పడి ఉంది. అతని సంతకంలో యవత్తు కిందనుంచి ఒక్క లాగుడులో తిరుగుతుంది. దీనిలో రెండుచోట్ల పెన్ను లేచింది. గీత సాఫీగా లేదు, గజగజ వణికింది. "ఇష్టమే" దగ్గర ఒకసారి రాసినదాని మీదే మళ్ళీ దిద్దారు. ఎదురుగా ఒక నమూనా పెట్టుకుని, చూస్తూ, భయపడుతూ నెమ్మదిగా గీసిన రాత ఇలాగే ఉంటుంది. ఇలాంటివి నేను కొన్ని వేలు చూశాను.

నీకు తొందర ఉంది. గడువు దగ్గరపడింది. అర్థం చేసుకోగలను. కానీ దొంగరాతలు పట్టే చదువు కోసం దొంగరాత రాస్తావా? అదీ నాకు?

నేను సరే అనను. మీ నాన్నకి ఈ సంగతి నువ్వే చెప్పుకో.

మాణిక్యమ్మ


పెడన,
జులై 3

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. సరే అని రాసి ఉంటారన్న సంతోషంలో అమ్మ కవరు చింపి, నాన్నకి వినిపించాలని మగ్గం పక్కన నిలబడి గట్టిగా చదివింది. సగం చదివాక ఆపుదామనుకుందట. నాన్న ఆపనివ్వలేదు.

నేను రాయలేదు. అమ్మ మీద ఒట్టు. మీరు ఒట్లు నమ్మరు కాబట్టి దానివల్ల లాభం లేదని తెలుసు.

అంగీకార పత్రం తీసి నాన్న ముందు పెట్టాను. అత్తయ్య ఏమనుకుంటే మనకేంటి, నువ్వు సంతకం పెట్టు అన్నాను. పెన్ను ముట్టుకోలేదు. "పొరపాటు పడని మనిషి మా అక్క. నా చెయ్యే నాది కాదందంటే, ఆ గుజరాత్ వాళ్ళు మాత్రం నమ్ముతారా? రేపు దొంగ కాగితమని నిన్ను పోలీసులకి పట్టిస్తారు" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. అన్నం తినలేదు.

బోను, సాక్ష్యం, మూడు ప్రశ్నలు. చెప్పేవి శ్రీరంగనీతులు. మీరు నన్ను ఒక్కసారి అడిగారా? "దుర్గా, ఇది నువ్వు రాశావా" అని? మీ కోర్టులో ముద్దాయికైనా ఆ మాత్రం అవకాశం ఇస్తారు.

గడువు ఇంకా అయిదు రోజులుంది.

నాగదుర్గ


పెడన,
జులై 12

అత్తయ్యకి,

గడువు దాటిపోయింది. సీటు పోయింది. అది చెప్పడానికి కాదు ఈ ఉత్తరం.

నేను రాయలేదని నిరూపించాలన్న మొండితనంతో చేనేత సొసైటీకి వెళ్ళాను. నేసిన ప్రతి చీరకీ పేరు, తేదీ రాసిన చీటీ కట్టి ఇస్తారు, మీకు తెలుసుగా. ఆ పాత చీటీలన్నీ అక్కడ లెక్కలు చూసే రావమ్మగారు ఇనప తీగకి గుచ్చి ఉంచుతుంది. పోయినేడు ఉగాది నుంచి మొన్నటిదాకా నాన్న పేరున్నవన్నీ ఏరి, మీకు పంపుతున్నాను. మొత్తం పందొమ్మిది. వరసగా పేర్చి చూడండి.

మొదటి నాలుగింట్లో తలకట్లు మీరు చెప్పినట్టే చివర్లో పడ్డాయి. వానాకాలం నుంచి యవత్తు విరగడం మొదలైంది. దసరా నాటికి గీత వణుకుతోంది. ఆ తర్వాత తలకట్టు అక్షరానికక్షరం పడుతోంది. ఎందుకో నాన్ననే అడిగాను. "చెయ్యి ఒకసారి ఎత్తితే మళ్ళీ ఆ అక్షరం దగ్గరికి రావడంలేదమ్మా" అన్నాడు. ఫిబ్రవరి నుంచి వచ్చిన ఆరు చీటీలు అసలు ఆయన రాతే కావు. వాటిమీద పేరు "చవుడయ్య" అని ఉంది. మా ఇంట్లో ఔత్వం రానిది ఒక్కరికే. అమ్మకి.

చీటీలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ చూసి పొయ్యి కట్టేసి కింద కూర్చుంది. ఫిబ్రవరి నుంచి చీరలు నేస్తున్నది అమ్మేనట. నాన్నకి కుడిచేత్తో అడ్డపోగు నాడె విసరడం కుదరడం లేదు. నేను సెలవులకి వచ్చాక ఆయన మగ్గం పక్కనే కూర్చుని పోగులు సరిచేస్తున్నట్టు ఉండేవాడు. అమ్మ ఎప్పుడూ సాయంగా నేస్తూనే ఉంటుంది కదా అని నేను పట్టించుకోలేదు. తెలిస్తే చదువు మానేసి మగ్గం ఎక్కుతానని నాకు చెప్పలేదట. రాయకుండా నెలరోజులు తప్పించుకున్నదీ అందుకే. మీకు ఆ అయిదు ముక్కలు తలుపు వేసుకుని రాయడానికి రెండు రోజులు పట్టిందట. పది కాగితాలు చింపాడు. అచ్చం తన రాతలా రావాలని, లేకపోతే అక్క కంగారు పడుతుందని.

మీరు తప్పు పట్టారని మీ మీద కోపం. కానీ అత్తయ్యా, నేను రెండునెలలు అదే ఇంట్లో, అదే కంచాల పక్కన కూర్చుని తిన్నాను. ఆయన ఎడంచేత్తో గ్లాసు ఎత్తుతున్నాడని కూడా చూడలేదు. పైగా "ఏమొచ్చింది నాన్నా" అని అరిచాను. నేనట, నేరాలు కనిపెట్టే చదువు చదువుతానట!

దుర్గ


ఇబ్రహీంపట్నం,
జులై 17

దుర్గా, తల్లీ,

చీటీలు నా బల్లమీద వరసగా ఉన్నాయి. పొద్దుటినుంచి వాటి ముందే కూర్చున్నాను. లెన్సు అక్కర్లేదు. చదువురాని వాళ్ళు చూసినా చెబుతారు.

అనుమానం ఉన్న రాతని ఆ కాలపు రాతతోనే పోల్చాలి. ల్యాబులో చేరిన మొదటి వారంలో చెప్పే పాఠం అది. నేనే ఎంతోమందికి చెప్పాను. ఇరవై ఏళ్ళ కిందటి ఉత్తరాలు పెట్టుకుని నిన్న మొన్నటి చేతిని కొలిచాను. జబ్బు చేతి వణుకూ, దొంగ చేతి వణుకూ పైకి ఒకలాగే కనిపిస్తాయనీ, తొందరపడి తేల్చకూడదనీ కూడా నేనే చెప్పేదాన్ని. వాడు ఎప్పటికీ నా తమ్ముడిలాగే, పలక పట్టుకుని కూర్చున్నవాడిలాగే ఉంటాడనుకున్నాను. వాడికి యాభై ఆరొచ్చాయని గుర్తులేదు.

ఎందుకంత తొందరగా నిన్ను దొంగనన్నానో కూడా చెప్పాలి. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. 84లో ల్యాబులో ఉద్యోగమొచ్చింది. మీ తాతయ్య పంపనన్నాడు. హైదరాబాదులో ఉద్యోగినుల హాస్టల్లో చేరాలంటే తండ్రి అంగీకార పత్రం కావాలి. ఆయనకి సంతకం రాదు, జీవితమంతా వేలిముద్రే. నేను బందరు బస్సులో కూర్చుని "బసవయ్య" అని ఆయన పేరు రాసి, కింద గీత కూడా గీశాను. లేని సంతకాన్ని పుట్టించాను. హాస్టల్ వాళ్ళు ఎప్పుడూ అడగలేదు. బతికిపోయాననుకున్నాను. ఆయన మాత్రం ఆరేళ్ళు నాతో మాట్లాడలేదు, మాట్లాడకుండానే పోయాడు. అలా వెళ్ళినదాన్ని ఇంకెవరి దొంగ సంతకాలో పట్టుకోడానికి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. గడువు ముందు ఆడపిల్ల ఏం చేస్తుందో నాకు తెలుసనుకున్నాను. నాకు తెలిసింది నా సంగతే.

నిన్నటినుంచి ఇంకో భయం పట్టుకుంది. బోనులో నిలబడి "ఇది దొంగ రాతే" అని చెప్పిన వాటిలో ఇలాంటి చేతులు ఎన్ని ఉన్నాయో.

నీ సీటు నేనే పోగొట్టాను. దాన్ని తిరిగి ఇవ్వలేను. విజయవాడలో నరాల డాక్టరుకి తమ్ముణ్ణి చూపిద్దాం, నేను దగ్గరుండి తీసుకెళ్తాను. నువ్వు ఏం చదవాలో మాత్రం ఇక చెప్పను.

మాణిక్యమ్మ


పెడన,
జులై 29

అత్తయ్యకి,

విజయవాడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీటు తీసుకున్నాను. మీరు మేలో చెప్పినదే జరిగింది. మీరు చెప్పారని మాత్రం కాదు. గుజరాత్ సీటు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. మీ మీద కోపం తగ్గిందని అబద్ధం రాయలేను, రాసినా పెన్ను నొక్కుడు చూసి పట్టేస్తారు.

రెండేళ్ళయ్యాక ల్యాబు ఉద్యోగాలకి రాస్తాను. కాగితాల విభాగమే కావాలంటాను. ఈ పందొమ్మిది చీటీలు చూశాక నాకు ఇంకేదీ వద్దనిపిస్తోంది.

హాస్టల్లో ఉంటానన్నాను. నాన్న ఒప్పుకోలేదు, మీ ఇంట్లోనే ఉండాలట. ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వెళ్ళొస్తాను. నాన్న, నేను శనివారం వస్తున్నాం, డాక్టరు దగ్గరికి సోమవారం వెళ్దాం. మీకు ఒక ఉత్తరం రాశాడు, మూడు రోజులు పట్టింది. ఈసారి తలుపు వేసుకోలేదు, వరండాలోనే కూర్చుని అందరి ముందూ రాశాడు. అమలమ్మగారు కూడా చూసి వెళ్ళింది. అది ముందుగా పోస్టు చెయ్యమన్నాడు, ఎదురుగా ఉంటే ఇవ్వలేడట. దీనిలోనే పెడుతున్నాను. లెన్సు తియ్యకండి.

దుర్గ

(జతగా)

అక్కకి,

ఈ రాత నాదే. నమ్ము.

నీ ఉత్తరం దుర్గ నాకు చదివి వినిపించింది. హాస్టల్ వాళ్ళు అడగలేదని రాశావు. అడిగారక్కా. నువ్వు వెళ్ళిన మూడో నెలలో కాగితం వచ్చింది. "ఈ సంతకం మీదేనా, కింద మళ్ళీ సంతకం చేసి తిప్పి పంపండి" అని. నేను చదివి వినిపించాను. నాన్న నిన్ను నానా తిట్లూ తిట్టాడు. వేలిముద్ర వేస్తే నీ ఉద్యోగం పోతుందని నేను ఏడ్చాను.

తెల్లారి పలక తెమ్మన్నాడు. కోపం కోపమే, దాని ఉద్యోగం దానిదే అన్నాడు. నువ్వు నాకు దిద్దించినట్టే నేను ఆయన చెయ్యి పట్టుకుని దిద్దించాను. నువ్వు రాసిన బసవయ్యనే పైన పెట్టుకుని, కింద గీతతో సహా. పద్దెనిమిది రోజులు పట్టింది. సంతకం పెట్టి పంపాడు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఆ తర్వాత పోయేదాకా నాన్న మళ్ళీ వేలిముద్ర వెయ్యలేదు. ఎక్కడ సంతకం అడిగినా నువ్వు పెట్టినదే పెట్టాడు. సొసైటీలో ఆ పాత కాగితాలు ఇంకా ఉన్నాయని రావమ్మగారు చెప్పింది. దుర్గ వెళ్ళి వెతికింది, తొమ్మిది దొరికాయి. శనివారం తెస్తున్నాం. నువ్వే పోల్చి చూసుకో. అన్నీ ఆ కాలానివే.

ఇట్లు
చౌడయ్య